రెండిళ్ల మధ్య వాలు

గవర్రాజు నాకు చేసిన అన్యాయం గురించి మా జాలరిపేటలో ఎవరిని అడిగినా ముందు నవ్వుతారు. నవ్వేవాళ్లకేం. పోయింది వాళ్ల స్థలం కాదు.

వాడు నాకు వరసకి బావమరిది. నా పెళ్లాం చిట్టెమ్మకి పెదనాన్న కొడుకు. వాడింటి గుమ్మం, మా ఇంటి గుమ్మం ఎదురెదురుగా ఉంటాయి. మధ్యలో మా రెండిళ్లకే చెందిన సందు. ఒక కొస గోడతో ఆగిపోతుంది, రెండో కొస వీధిలోకి తేలుతుంది. వీధి దాటితే ఇసక, ఇసక దాటితే సముద్రం. ఆ సందులో మా గోడ వారనున్న సన్నటి నేల నాదా వాడిదా అని చాలాకాలం తగువు నడిచింది. కులపెద్దలు వచ్చి, మా నాన్న నాటి గుర్తులు వెతికి, నాదేనని తేల్చారు. ఆరో తరగతిలో బడి మానేసి పడవెక్కినవాణ్ణి నేను. పుట్టి బుద్ధెరిగాక గెలిచింది అదొక్కటే. హద్దురాళ్లు పాతి, ఏటా వాటికి సున్నం వేసేవాణ్ణి.

తొంభైల చివర్లో వీధిలో సిమెంటు రోడ్డు పడింది. రోడ్డు ఎత్తయ్యేసరికి వానాకాలం నీళ్లు రెండిళ్లలోకీ వచ్చాయి. మనిషన్నవాడు ఎదురింటివాడితో ఓ మాట అనుకుంటాడు. గవర్రాజు ఎవరికీ చెప్పకుండా మేస్త్రీని తెచ్చి తన ఇంటి నేల మూరెడు ఎత్తించాడు. దాంతో వాడి వాటా నీళ్లు కూడా మా ఇంట్లోకే.

నిలదీస్తే, "ఇల్లన్నాక ఎదురింటికన్నా మెరక మీదుండాల బావా. వాస్తు," అన్నాడు.

"మరి నాకు నేదేటి వాస్తు?"

"నువ్వూ ఎత్తుకో. నానేటి నీ సెయ్యి పట్టుకున్నానా."

ఎత్తుకున్నాను. వాడికన్నా జానెడు ఎక్కువే. మరుసటేడు వాడు మళ్లీ ఎత్తాడు, నేనూ మళ్లీ ఎత్తాను. రెండిళ్లలోనూ తలుపులు కింద కోసి పొట్టివి చేయించాం. ఫ్యాను తలకి తగిలేలా ఉందని చిట్టెమ్మ మొత్తుకుంది. ఆఖరికి వాడికి ఓపిక అయిపోయి ఊరుకున్నాడు. అప్పటికి మా గుమ్మం వాడి గుమ్మం కన్నా నాలుగు అంగుళాలు పైన ఉంది. పొద్దున్నే లేచి పళ్లు తోముకుంటూ ఆ నాలుగు అంగుళాల మీంచి వాడింటి వైపు చూడటంలో ఓ సుఖం ఉండేది.

ఇల్లు ఎత్తినప్పుడల్లా మెట్లూ పెరిగాయి. సందులో జాగా లేదు కాబట్టి నిచ్చెనలా నిలువుగా లేచాయి. ఏడాదికో మేస్త్రీ కట్టినవి, ఏ రెండు మెట్లూ ఒక్క ఎత్తులో ఉండవు. మాకేం, తెప్పల మీద నిలబడేవాళ్లం. రెండిళ్లలోనూ ముసలమ్మలున్నారన్న సంగతి మొదలుపెట్టినవాడికి తట్టాలి. తట్టలేదు.

మా అమ్మ గంగాలమ్మ. పడవలు ఒడ్డుకొచ్చి చేపలు ఇసకలో కుప్ప పోస్తే, నిలబడి వేలం పాట పాడేది ఆవిడే. ఏటా గంగమ్మ తల్లి పండగకి మా పేటలో పడవలన్నీ ఒడ్డునే ఆగిపోతాయి. పండగయ్యాక తొలి వేట చేపలకి తొలి పాట అమ్మదే. ఆవిడ గొంతు విని బేరగాళ్లు నోటమాట రాక నిలబడిపోవడం నా చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. గవర్రాజు తల్లి పోతమ్మ అమ్మకి జోడు. వదినా అంటే వదినా అనుకుంటూ ఇద్దరూ పక్కపక్కనే నడిచి ఒడ్డుకి పోయేవాళ్లు, పక్కపక్కనే నడిచి వచ్చేవాళ్లు. కొడుకులు తగువులాడుకున్న రోజుల్లో కూడా.

రెండువేల ఒకటి కార్తీకంలో ఓ పొద్దున మబ్బేసింది. సందులో ఎండబెట్టిన చేపలు తడిసిపోతాయని అమ్మ గబగబా బయటికొచ్చింది. ఆవిడ ఎప్పుడూ కిందకి చూసి మెట్లు దిగే మనిషి కాదు. కాళ్లకి గుర్తున్నవి పాత మెట్లు. నేల ఉండాల్సిన చోట నేల లేదు. పోతమ్మ తన గుమ్మంలోంచి వేసిన కేకకి నేను బయటికొచ్చేసరికి అమ్మ సందులో పడి ఉంది, చెయ్యి వంటి కింద మడతపడి.

మణికట్టు విరిగింది. కట్టు కట్టారు. తుంటికి ఏం కాలేదు, అదృష్టం అన్నారందరూ.

ఆ రోజునుంచి అమ్మని మేం కదలనివ్వలేదు. "అత్తా, నువ్వు లెగకు, నానట్టుకొత్తాను," అని చిట్టెమ్మ నీళ్లు, అన్నం, తమలపాకులు అన్నీ మంచం దగ్గరికే తెచ్చేది. నేను వేటకి పోతూ, "అమ్మని గుమ్మం దాటనిత్తే నీ పని సెప్తాను," అని చిట్టెమ్మని బెదిరించి వెళ్లేవాణ్ణి. అవతల పోతమ్మకీ భయం పట్టుకుంది. ఆవిడా దిగడం మానేసింది. మొదట్లో ఇద్దరూ గుమ్మాల్లో కూర్చుని సందు మీంచి కేకలేసుకునేవాళ్లు. రానురాను అమ్మ గుమ్మం దాకా రావడం కూడా మానేసింది. ఓ సాయంత్రం పోతమ్మ "వదినా, వదినా" అని ఎంత పిలిచినా అమ్మ పలకలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. వినపడక కాదు.

కట్టు విప్పించడానికి తీసుకెళితే ఆస్పత్రిలో అనూరాధ అనే డాక్టరమ్మ చూశారు.

"ఇంట్లో బాగా నడుస్తున్నారా?"

"లేదండి, అసలు కదలనివ్వట్లేదండి," అన్నాను. మెచ్చుకుంటారనుకున్నాను.

ఆవిడ అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఆన్చకుండా లేవమన్నారు. అమ్మ ముందుకి వంగింది. మళ్లీ వంగింది. లేవలేకపోయింది. చేపలగంప నెత్తిన పెట్టుకుని తగరపువలస సంతదాకా పోయొచ్చిన మనిషి. నాకు అటువైపు చూడబుద్ధి కాలేదు.

"చెయ్యి అతుక్కుంది," అన్నారు డాక్టరమ్మ. "నా బెంగ కాళ్ల గురించి. కూర్చోబెడితే పడరనుకుంటున్నారు మీరు. కూర్చోబెడితేనే పడతారు. వాడని కాలికి పట్టు పోతుంది. రోజూ పొద్దునా సాయంత్రం కుర్చీలోంచి లేవమనండి, కూర్చోమనండి. మొదట చేతులు ఆన్చుకున్నా పర్వాలేదు, మీరు పక్కనుండండి. కళ్లు చూపించండి. ఆ వదులు చెప్పులు తీసేయండి. మెట్లెలా ఉంటాయి మీ ఇంట్లో?"

"ఒక్కోటీ ఒక్కోలా ఉంటాదండి."

"అదేం?"

చెప్పాను. గవర్రాజు సంగతి మొదటినుంచీ చెప్పాను. ఆవిడ ఓపిగ్గా అంతా విని, "ఆ గవర్రాజు గారికీ అమ్మ ఉన్నారా?" అన్నారు.

"ఉందండి."

"ఆవిడ దిగుతున్నారా?"

లేదన్నాను.

"అయితే ఆవిణ్ణి కూడా లేచి కూర్చోమనండి," అన్నారు, నవ్వు ఆపుకుంటూ.

ఇంటికొచ్చి మా గుమ్మంలో నిలబడి పోతమ్మకి వినపడేలా చెప్పాను. గవర్రాజు లోపలే ఉన్నాడు. వాడికి చెప్పలేదు.

మర్నాటి పొద్దున మా గుమ్మంలో ఓ కుర్చీ, ఎదురుగుమ్మంలో ఓ కుర్చీ. అమ్మ రానంది. చిట్టెమ్మ చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది. ఎదురుగా పోతమ్మ అప్పటికే లేవడానికి ఆపసోపాలు పడుతోంది.

"ఏటలాగ మూలుగుతన్నావు వదినా, పురుడొచ్చినట్టు," అంది అమ్మ. ఎన్నో రోజుల తర్వాత ఆవిడ నోట్లోంచి వచ్చిన మొదటి ఎకసెక్కెం అది.

"నువ్వు లెగు ముందు. నీ కొడుకు నీ కుర్సీకి జిగురంటించీసినాడేటి?"

అమ్మ కుర్చీ చేతుల మీద బరువేసి లేచింది. లేచి ఎదురింటివైపు చూసి కూర్చుంది. అదిగో, అక్కణ్ణుంచి మొదలైంది. పొద్దున పోటీ, సాయంత్రం పోటీ. నీళ్లకి పోయే ఆడవాళ్లు సందు మొదట్లో బిందెలు దింపుకుని చూసేవాళ్లు. పెద్దమనుషుల్లా తీర్పులు కూడా చెప్పేవాళ్లు.

"సెయ్యెట్టింది, సెయ్యెట్టింది. నాను సూసినాను," అనేది అమ్మ.

"సెయ్యి కాదే, కొంగు సర్దుకున్నాను."

"కొంగు కుర్సీ మీదుంటాదేటి నీకు?"

పెద్దపండగ వెళ్లేసరికి ఇద్దరూ చేతులు ఆన్చకుండా లేస్తున్నారు. ఈలోగా నేను మంచం దగ్గర్నుంచి బాత్రూం దాకా గోడ వెంట పడవ తాడు కట్టాను, అమ్మ పట్టుకు నడవడానికి. రెండో రోజుకి గవర్రాజు ఇంట్లోనూ తాడు వెలిసింది, నాదానికన్నా లావుది. నేను నా తాడుకి జానెడుకో ముడి వేశాను, చెయ్యి జారకుండా. వాడు బాత్రూంలో పాకుడంతా గీకించి, లోపల ట్యూబులైటు పెట్టించాడు. నేను రెండు పెట్టించాను. ఇంత వెలుగులో స్నానం చెయ్యడానికి సిగ్గుగా ఉందని చిట్టెమ్మ గొడవపెట్టింది.

అన్నీ అయ్యాయి, మెట్లు మిగిలాయి. అమ్మ గడప దాకా తాడు లేకుండా వచ్చేది. మొదటి మెట్టు మీదకి కాలు జాపి, వెనక్కి తీసుకునేది.

"నుయ్యిలోకి సూసినట్టుందిరా," అంది ఓ రోజు.

గంగమ్మ పండగ దగ్గరపడింది. కులపెద్దలు ఇంటికొచ్చి, "తొలి పాటకి వత్తావా గంగాలమ్మా, లేపోతే ఈయేటికి రామలక్ష్మమ్మ సేత పాడించమంటావా?" అని అడిగారు. వాళ్లు వెళ్లాక అమ్మ మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ వీపు చూస్తే నాకు ఒక్కటే అర్థమైంది. ఈ పాట పోతే కుర్చీ పోటీ కూడా పోతుంది. ఇంక ఆ మంచమే.

"ఎత్తుకెల్లి ఇసకలో దింపుతాను, పద," అన్నాను.

"సంటిపిల్లనేటి ఎత్తుకెల్లడానికి? ఎత్తుకెల్లినదాని పాట ఎవడింటాడు?"

ఇదంతా పోతమ్మ ఎదురుగుమ్మంలోంచి వింటోంది. కొడుకుని బయటికి పిలిచింది. "ఓరే రాజూ, తెప్పని ఒడ్డుకెక్కించినప్పుడు మెట్లు కట్టినావేటి ఎప్పుడేనా?"

"తెప్పకి మెట్లేటమ్మా. వాలుగా లాగుతాం."

"మరి మీ అమ్మ తెప్పకన్నా తీసిపోనాదా?"

సందు ఇటు నేను, అటు వాడు. ఇద్దరం మెట్ల మీద నిలబడ్డాం. ఎవరు ముందు మాట కలుపుతారన్నది తేలలేదు. చిట్టెమ్మ చీపురుతో సందు మధ్యకొచ్చి నిలబడి, "రెండిళ్ల మెట్లూ కొట్టీయండి. సందు గుమ్మాల ఎత్తుకి పూడ్సండి. అక్కణ్ణించి ఈదిదాకా వాలు ఎయ్యండి. మీకు తెలవకపోతే నానేత్తాను," అంది.

"ఎవడి గుమ్మం ఎత్తుకి?" అన్నాడు గవర్రాజు.

అదీ వాడి బుద్ధి. కానీ న్యాయమైన ప్రశ్నే, నేనూ అదే అడగబోతున్నాను.

"మా గుమ్మం ఎత్తుకి," అన్నాను.

"అప్పుడు నీళ్లన్నీ మా నట్టింట్లోకి. సాల్లే బావా."

"మీ గుమ్మం ఎత్తుకైతే నా నాలుగంగుళాలు ఏటవ్వాల?"

వెనక నుంచి అమ్మ గొంతు వినపడింది. పెద్దగా కూడా అనలేదు. "ఆ నాలుగంగుళాల మీంచే కదరా నాను పడ్డాను."

గవర్రాజు నోరు మూసుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

వాడి గుమ్మం ఎత్తుకే ఒప్పుకున్నాను. మా గుమ్మం దగ్గర చిన్న వాలు వేస్తే తేడా తెలియదు. తర్వాత వెడల్పు తగువొచ్చింది. వాడి వైపు కుళాయి ఉంది, దాని గొట్టం ఉంది, కదపడానికి లేదన్నాడు. ఒక మనిషి నడిచేంత చాలన్నాడు. ముసలమ్మలిద్దరూ ఒక్కసారే లేచారు.

"ఒకరెనకాల ఒకరం నడిత్తే కబుర్లేటి సెప్పుకుంటాం?" అంది పోతమ్మ. "ఈపులతోనా?"

ఇద్దరు పక్కపక్కన పట్టాలంటే నా హద్దురాళ్ల లోపలికి రావాలి. పోతమ్మ కాస్త భారీ మనిషి.

"మీ యమ్మ వెడల్పుకే పోతాది నా జాగా సగం," అన్నాను గవర్రాజుతో.

అందరికన్నా గట్టిగా నవ్వింది పోతమ్మే. అమ్మ గడప పట్టుకుని నవ్వింది. ఆవిడ అలా నవ్వి ఎన్నాళ్లయిందో. ఆ నవ్వులో నేను ఊ అన్నానని గవర్రాజు అంటాడు. నేను ఊ అన్నట్టు నాకు గుర్తులేదు.

పండగకి పడవలు ఒడ్డున ఆగగానే పని మొదలుపెట్టాం. హద్దురాళ్లు పీకడానికి వాడు పిలవకుండానే వచ్చాడు. పాట పాడుకుంటూ పీకాడు. మెట్లు కొట్టిన రాళ్లు, ఇటుకలు సందులోనే పోసి దిమ్మిస కొట్టాం. పైన సిమెంటు వెయ్యడం గవర్రాజు తీసుకున్నాడు. తాపీ పట్టుకుంటే వాడికి ఒళ్లు తెలియదు. అద్దంలా నున్నగా చేసి, వెనక్కి నిలబడి చూసుకుని మురిసిపోయాడు.

"గాజుపలకలా సేసినావు," అంది అమ్మ గుమ్మంలోంచి. "మల్లీ పడమనా?"

వాడి మొహం వాడిపోయింది. తడారిపోతోంది, గీతలు గియ్యడానికి కూడా టైము లేదు. పోతమ్మ అటూ ఇటూ చూసి, "ఆ గోడ మీద వల తియ్యండ్రా. పరిసి తొక్కండి," అంది.

గోడ మీదున్నది నా వల. పాతదే అయినా నాదే. నేనొక కొస, వాడొక కొస పట్టుకున్నాం. వీధి కొస నుంచి గుమ్మాల దాకా పరిచాం. ఒడ్డున వల లాగేటప్పుడు పడే కేకే అలవాటుగా నోట్లోంచి వచ్చింది, ఇద్దరికీ ఒకేసారి. చెక్కలు వేసి అదిమి, మెల్లగా పైకి తీశాం. వాలు పొడుగునా వల కన్నుల అచ్చు దిగింది. గట్టిపడ్డాక నీళ్లు చల్లి అరికాలితో రాసి చూశాను. జారలేదు. వల మాత్రం సిమెంటు పట్టి కర్రలా బిగిసిపోయింది. దాని సంగతి గవర్రాజు ఇప్పటిదాకా ఎత్తలేదు.

రెండు వైపులా గోడలకి తాళ్లు కట్టాం. నావైపు ముడులు వేసినది.

పండగైంది. తొలి వేటకి తెల్లారకుండానే పోయి వచ్చాం. గవర్రాజు పడవే ముందు ఒడ్డెక్కింది, అదో ఏడుపు. నేను పడవ దిగి ఇంటికి పరిగెత్తేసరికి సందు మొదట్లో పేటంతా నిలబడి ఉంది. పైన అమ్మ, పోతమ్మ. తలకి నూనె రాసుకుని, ఉతికిన చీరలు కట్టుకుని, వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకుని. అమ్మ ఎడమచేత్తో తాడు పట్టుకుంది, పోతమ్మ కుడిచేత్తో అవతల తాడు. మధ్యలో చేతులు రెండూ కలిపి పట్టుకున్నారు.

నేను ఎదురెళ్లబోతే చిట్టెమ్మ చొక్కా పట్టుకుని ఆపింది.

ఒక అడుగు వేశారు. ఇంకో అడుగు. పోతమ్మ ఏదో చెప్పడం, అమ్మ కాదనడం. సగం దూరం వచ్చాక అమ్మ ఆగిపోయింది.

"ఏటి వదినా, కాలు నొప్పెడతందా?"

"నొప్పి కాదు. వల అచ్చు సూత్తన్నాను. ఈ కాడ రెండు కన్నులు తెగున్నాయి. నా కొడుకు బాగుసేసుకోలేదు."

పేటంతా నవ్వింది. నవ్వుతూ దారిచ్చారు. ఇద్దరూ వీధి దాటి ఇసకలోకి దిగారు. ఇసకలో మాత్రం అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

గవర్రాజు తెచ్చిన కవ్వళ్లు కుప్ప పోసి ఉన్నాయి. అమ్మ ఓ చేప తీసి, మొప్ప ఎత్తి చూసి, "రాజూ, ఇయ్యి ఈరోజు సేపలేనా, కిందటి పండగయా?" అంది. వాడు తల గోక్కున్నాడు. నా జీవితంలో మంచి రోజులు తక్కువ, అందులో అదొకటి. అప్పుడు అమ్మ కొంగు నడుముకి దోపి, పాట ఎత్తుకుంది. గొంతు ముందు కాస్త బొంగురుపోయింది. తర్వాత తెరుచుకుంది. బేరగాళ్లు మాటలు ఆపారు. ఆ పాట మా ఇంటిదాకా వినపడిందని చిట్టెమ్మ ఇప్పటికీ చెబుతుంది. చిట్టెమ్మ ఆ టైములో ఇంట్లో లేదు, నా పక్కనే ఉంది. అయినా నేను కాదనను.

తర్వాత ఆ వాలు మీద అమ్మ గానీ పోతమ్మ గానీ ఒక్కసారి కూడా పడలేదు. సాయంత్రాలు గుమ్మాల దగ్గర చదునుగా ఉన్న చోట కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. చేతులు ఆన్చకుండా లేస్తారు, వచ్చినవాళ్లని కూడా లేవమంటారు. పెద్దవాళ్లున్న ఇళ్లవాళ్లు వచ్చి కొలతలు తీసుకుపోతున్నారు. కొలతలు చెప్పేది గవర్రాజు. ఆలోచన తనదే అన్నట్టు చెబుతాడు.

అంతటితో ఆగితే నేను పడుండేవాణ్ణి. ఇప్పుడు వాడు టీవీయస్ బండిని వాలు మీంచి నేరుగా గుమ్మం దాకా నడుపుకొచ్చి, కుళాయికి అడ్డమని వాడివైపు పెట్టకుండా, మా గోడవారన ఆపుతున్నాడు. అడిగితే, "వాలు ఇద్దరిదీ కాదేటి బావా," అంటాడు. ముసలమ్మలు నడిచే వేళకి మాత్రం తనే తీసి అవతల పెడతాడు, ఆ ఒక్కటీ ఒప్పుకుంటాను. కానీ ఆ బండి నిలబడింది కులపెద్దలు నాకిచ్చిన నేల మీద. వల సంగతి వదిలేసినా, నాకు పోయింది రెండడుగుల తొమ్మిది అంగుళాల వెడల్పు, ముప్పై ఒక్క అడుగుల పొడవు.